రాజుగారి గాలం, రాగిముద్ద ఎర

పెద్ద చేపను గాలంతో పట్టడం గురించి మన దేశంలో పూర్వులు రాసిపెట్టిన వాటిలో విపులమైనది ఒక చక్రవర్తి పేర వెలసిన సంస్కృత గ్రంథంలో ఉంది. పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు కల్యాణిని రాజధానిగా చేసుకొని క్రీ.శ. 1126 నుంచి 1138 వరకు పాలించాడు. ఆరవ విక్రమాదిత్యుని కొడుకు. భూలోకమల్లుడని, సర్వజ్ఞ చక్రవర్తి అని బిరుదులు. ఆయన రచించిన 'మానసోల్లాసం' శక సంవత్సరం 1051లో, అంటే క్రీ.శ. 1129 ప్రాంతంలో పూర్తయింది. ఇరవై అధ్యాయాలకొక 'వింశతి' చొప్పున ఐదు వింశతులు, మొత్తం నూరు అధ్యాయాలు. రాజ్యపాలన, వైద్యం, వంట, చిత్రలేఖనం, సంగీతం, ఏనుగుల పెంపకం, ఏదీ వదలలేదు. నాలుగోది వినోదవింశతి. అందులో డేగ వేటను గురించి చెప్పిన తరువాత 'మత్స్యవినోదం' వస్తుంది. మన వ్యాసానికి మూలం ఆ అధ్యాయమే.

కల్యాణి అంటే ఎక్కడో దూరదేశం కాదు. నేటి కర్ణాటకలోని బీదరు జిల్లా బసవకల్యాణమే అది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా ఆ ఊరు హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది. హనుమకొండలో కాకతీయ రెండవ ప్రోలరాజు ఈ చాళుక్యులకు సామంతుడిగానే జీవితం మొదలుపెట్టాడు. కనుక ఈ గ్రంథాన్ని కన్నడ చరిత్రకు మాత్రమే విడిచిపెట్టి మనకు సంబంధం లేదనుకోవడం సరికాదు. ఆ కాలపు దక్కను పీఠభూమిలో కన్నడ, తెలుగు, మరాఠీ జనం ఒకే నదుల వెంట బతికారు, ఒకే చెరువుల్లో చేపలు పట్టారు.

గ్రంథం బరోడాలోని గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో శ్రీగోందేకర్ పరిష్కరణలో మూడు సంపుటాలుగా అచ్చయింది. మొదటి సంపుటం 1925లో వస్తే చివరిది 1961లో గాని రాలేదు. అయితే ఈ చేపల అధ్యాయాన్ని మొదట పట్టించుకున్నవాడు సంస్కృత పండితుడు కాదు, జంతుశాస్త్రవేత్త. భారత జంతు సర్వేక్షణ సంస్థకు సంచాలకుడుగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా 1951లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మత్స్యవినోదం మీద వ్యాసం రాశాడు. చాలా ఏళ్ళ తరువాత, 2005లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సంస్కృతం బోధించిన నళినీ సాధలే, వ్యవసాయ శాస్త్రజ్ఞుడు నెనే కలిసి ఈ భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. సికిందరాబాదులో నెలకొన్న వ్యవసాయచరిత్ర సంస్థ దాన్ని ప్రచురించింది.

అధ్యాయంలో సుమారు 35 రకాల చేపల ప్రస్తావన ఉంది. సముద్రపు చేపలు, నదుల చేపలు అని ఒక విభజన. పొలుసు ఉన్నవి, లేనివి అని మరొకటి. పెద్దవి, చిన్నవి అని ఇంకొకటి. రోహితం, పాఠీనం వంటి ప్రసిద్ధ సంస్కృత నామాల పక్కన 'కోవాకీయ' వంటి, సంస్కృత నిఘంటువుల్లో తేలికగా దొరకని పేర్లు కూర్చున్నాయి. ఈ రెండో రకం పేర్ల మీదే మన దృష్టి నిలవాలి. రాజు నిఘంటువు చూసి రాసి ఉంటే ఆ పేర్లు వచ్చేవి కావు. గట్టు మీద నిలబడ్డ ఎవరినో అడిగి రాసుకుంటేనే వస్తాయి.

ఇంకా ముఖ్యమైన విషయం ఎర. గాలం వెయ్యడానికి ముందు చేపను మేపాలంటుంది గ్రంథం. ఒకచోట అలవాటుగా మేత వేస్తూ చేపలను ఆ తావుకు మరిగించి, ఆ తరువాతే గాలం దించాలి. అందరికీ ఒకే మేత పనికిరాదు. కొన్నిటికి నూగుల పిండి, ధాన్యపు పిండి ముద్దలు, కొన్నిటికి మాంసం. ఏ చేప ఏది తింటుందో తెలిసినవాడికే చేప దొరుకుతుంది. ఇంగ్లండులో గాలపు వేట మీద మొదటి అచ్చు పుస్తకం 1496లో వచ్చింది. దానికి మూడున్నర శతాబ్దాల ముందటిది మన గ్రంథం. ఈ లెక్క చెప్పి మనమే ముందు అని జబ్బలు చరుచుకునేవారు కొందరున్నారు. మా దృష్టిలో అది ముఖ్యం కాదు. మొట్టమొదట రాసినది ఎవరన్న ప్రశ్నకంటే, రాసినవాడికి చెప్పినది ఎవరన్న ప్రశ్న చరిత్రకు ఎక్కువ పనికివస్తుంది.

చెప్పినవారి పేరు గ్రంథంలో లేదు. ఉండాలని ఆశించలేం కూడా. అయితే దక్కనులో నదుల మీద, చెరువుల మీద చేపలు పట్టి బతికిన కులాలు మనకు తెలుసు. బెస్తలు అందులో ప్రధానులు. తెలుగులోనూ కన్నడంలోనూ అదే పేరు. 1909లో వచ్చిన థర్స్టన్ గ్రంథం వారిని గురించి విడిగా రాసింది. చేపలు పట్టడమే కాక పల్లకీలు మోయడం కూడా వారి వృత్తిగా ఉండేది. రాజును పల్లకీలో నీటి ఒడ్డుకు మోసుకుపోయినవాడూ, ఆ నీటిలో ఏ చేప ఎక్కడ తిరుగుతుందో ఎరిగినవాడూ ఒకే ఇంటివాడు కావడానికి అవకాశం ఉందన్నమాట.

మాటలు కూడా ఈ దారినే చూపుతాయి. తెలుగులో గాలం, కన్నడంలో గాళ, మరాఠీలో గళ. సంస్కృతంలో బడిశం. చక్రవర్తి సంస్కృతంలో రాశాడు గాని ఆయన రాజ్యంలో జనం వాడిన మాట గాలమే. ఎర అన్న మాట ఇంకా విచిత్రమైనది. తెలుగులో ఎర అంటే గాలానికి గుచ్చే మేత, ఎర్ర అంటే వానపాము. కన్నడంలో వానపామును ఎరెహుళు అంటారు. తమిళంలో ఇరై అంటే జంతువుల, పక్షుల మేత. మేతకూ వానపాముకూ ఒకే మూలం నుంచి పేరు పుట్టిందంటే, మన భాషలు విడిపోకముందే ఎవరో తడినేల తవ్వి పురుగును గుచ్చి నీటిలోకి విసిరి ఉండాలి. బెంగుళూరులోనో కోయంబత్తూరులోనో పెరిగిన మన విద్యార్థులకు ఈ మూడు మాటలూ చెవిన పడే ఉంటాయి. కలిపి చూసే సందర్భం మాత్రం వచ్చి ఉండకపోవచ్చు.

ఇక పిండిముద్దకు పెద్ద చేప ఎందుకు లొంగుతుందో చూద్దాం. రోహు, బొచ్చె, ఎర్రమోసు, మహసీరు, ఇవన్నీ ఒకే కుటుంబం చేపలు. వీటి దవడల్లో పళ్ళుండవు. గొంతులో ఉంటాయి. వాలుగలాగా, కొరమీనులాగా ఎదుటి చేపను పళ్ళతో పట్టుకునే చేపలు కావివి. పెదవులతో తీసుకుని, రుచి చూసి, గొంతులో నలిపి మింగుతాయి. సరైన జీర్ణాశయం కూడా లేదు గనక ఒక్కసారిగా కడుపు నింపుకోలేవు, రోజంతా తింటూనే ఉండాలి. కాబట్టి వీటికి ఎర కంటికి కనబడితే చాలదు. వాసనా రుచీ కుదరాలి. ఒకచోట మేత దొరుకుతుందని తెలిస్తే మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తాయి. మేపి పట్టమన్న మానసోల్లాసపు సలహాలోని కిటుకు ఇదే.

ఈ కుటుంబంలోనే తేడాలున్నాయి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పైభాగంలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున మేస్తుంది. శీలావతి అని కోస్తాలో పిలిచే రోహు నడుమ తిరుగుతుంది. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొల్లేరు చుట్టూ చేపల చెరువులు విస్తరించిన తరువాత అక్కడి రైతులు తవుడు, వేరుశనగ చెక్క చిల్లుల సంచుల్లో పోసి వెదురు గడలకు వేలాడదీసే పద్ధతి తెచ్చారు. చేపలు ఆ సంచుల దగ్గరికే వచ్చి మూతులు పెట్టి లాక్కుంటాయి. గాలం ఒక్కటే లేదు గాని, తావుకు మరిగించే తంత్రం సోమేశ్వరుడు చెప్పినదే. వేరుశనగ ఆయన కాలానికి మన దేశం రాలేదు. ఆయనకు నూగులు, మనకు వేరుశనగ. నూనె తీయగా మిగిలిన చెక్కను, తెలగపిండి అని మనవాళ్ళనేదాన్ని, పశువుకూ చేపకూ వేయడం ఏనాటినుంచో ఉన్నదే.

గోదావరి బొచ్చెకు ఇంకొక కథ ఉంది, క్లుప్తంగా చెబుతాం. కావేరిలో ఈ చేప సహజంగా లేదు. 1907లో ఏర్పడిన మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో గోదావరి నుంచి పిల్లలను తెచ్చి కావేరి ప్రాంతపు నీళ్ళలో వదిలింది. తమిళదేశంలో నిలదొక్కుకున్న తెలుగువారి జాబితాలో దీన్ని కూడా చేర్చవచ్చునేమో.

కావేరి ప్రస్తావన వచ్చింది గనక మన కథ అక్కడికి మారుతుంది. ఆ నదిలో సొంత పెద్ద చేప మహసీరు. కన్నడ జాలరులు బిళిమీను అంటారు. పేరుకు వ్యుత్పత్తులు చాలా చెప్పారు, మహాశిరం అని ఒకరు, పులి వంటిదని పారసీ మాట తెచ్చి ఇంకొకరు. ఏదీ తేలలేదు. దక్షిణ కన్నడ జిల్లా కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకాన్ని మంగళూరులో అచ్చు వేయించాడు. తెల్లదొరలకు ఈ చేప మీద మోజు పుట్టించిన పుస్తకాల్లో అది ముందుంటుంది. అదే థామస్, నదుల్లో విషం కలిపి, సన్నకన్నుల వలలు వేసి చేపపిల్లలను నాశనం చేయడం మీద అంతకుముందే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. విషంతో, పేలుడు పదార్థాలతో చేపలు పట్టడాన్ని నిషేధిస్తూ 1897లో చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన నదిలో తూటాలు ఆగలేదనుకోండి.

కావేరి మీద మహసీరుకు వేసే ప్రసిద్ధమైన ఎర రాగిముద్ద. కోలారు, హోసూరు, ధర్మపురి, అనంతపురం, చిత్తూరు ప్రాంతాలవారికి రాగి గురించి చెప్పనవసరం లేదు. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంకటి. కర్ణాటకలో ముద్దె, తమిళంలో కళి. ఇంట్లో తినే సంకటికీ గాలానికి గుచ్చే ముద్దకూ తేడా వండే తీరులో ఉంది. ఎర కోసం రాగిపిండిని నీళ్ళతో గట్టిగా కలిపి ఉండలు చేసి మరిగే నీళ్ళలో ఉడికిస్తారు. తీశాక మళ్ళీ బాగా మర్దిస్తారు. అప్పుడు అది జిగురుగా, బిరుసుగా, రబ్బరులాగా అవుతుంది. నిమ్మకాయంత మొదలు నారింజంత దాకా ఉండ చేసి గాలం చుట్టూ పొదుగుతారు. సోంపు, మసాలా దినుసులు కలిపేవారున్నారు, ఎవరి రహస్యం వారిది. ఇంత గట్టిగా ఎందుకంటే కావేరి ఆ ప్రాంతంలో బండల మధ్య ఉరికి పారుతుంది. మెత్తటి పిండి నిమిషంలో కరిగిపోతుంది. చిన్న చేపలు పొడిచి పొడిచి ఖాళీ చేస్తాయి. గట్టి ముద్ద చిన్న నోళ్ళకు లొంగదు, పెద్ద నోటికోసం కాచుకుని ఉంటుంది. ఎర ఎంపిక అంటే ఏ చేపను రప్పించాలన్నది సగం, ఏ చేపను రానివ్వకూడదన్నది మిగతా సగం.

ముద్ద ఒక్కటే కాదు, ఎండ్రకాయను, చిన్న చేపను కూడా ఎరగా వాడేవారు. మహసీరు అన్నీ తినే జీవి. అయినా రాగికే పేరు నిలిచింది. రాగి ఆ గట్టున ఎప్పుడూ దొరికేది, చవకైనది, పనివాడి మూటలో ఎలాగూ ఉండేది. సంగమం, మేకెదాటు దాటిన తరువాత కావేరి కర్ణాటక, తమిళనాడులకు సరిహద్దుగా హొగేనక్కల్ దాకా సాగుతుంది. తూర్పున డెంకణికోట, హోసూరు పీఠభూమి. తరతరాలుగా తెలుగువారు స్థిరపడ్డ నేల అది. అక్కడ నది దాటే గుండ్రటి పడవను మనం పుట్టి అంటాం, కన్నడిగులు హరిగోలు, తమిళులు పరిసల్. పడవ ఒకటే, ముద్ద ఒకటే, పేర్లు మూడు.

ఆ చేప ఎంత పెద్దదో చెప్పాలి. మైసూరులో జంతువుల చర్మాలకు రూపం పోసే వృత్తిలో పేరుపడ్డ వాన్ ఇంగెన్ కుటుంబంలోని డివెట్ వాన్ ఇంగెన్ 1946 మార్చి 22న కబిని నదిలో 120 పౌన్లు, అంటే దాదాపు 54 కిలోల చేపను గాలంతో పట్టాడు.  స్వాతంత్ర్యం వచ్చాక కొంతకాలం కావేరి మహసీరు అంతరించిందనే అనుకున్నారు. 1978లో ఇంగ్లండు నుంచి వచ్చిన ముగ్గురు యువకులు కావేరిలో 92 పౌన్ల చేపను పట్టి అది ఇంకా ఉందని లోకానికి చూపారు. ఆపైన నది ఒడ్డున గాలపు వేటగాళ్ళ శిబిరాలు వెలిశాయి. పట్టిన చేపను తూచి, తిరిగి నీటిలో వదిలెయ్యడం నియమం. చుట్టుపక్కల పల్లెల వారికి అక్కడ పని దొరికింది, పుట్టి నడపడం, ఎర వండడం, చేప ఏ మడుగులో ఉందో చెప్పడం.

పట్టినవాడి పేరు, తేదీ, తూకం, ఏ నది, అన్నీ పుస్తకాలకెక్కాయి. ముద్ద ఉడికించినవాడి పేరు మాత్రం చాలా అరుదుగా కనబడుతుంది. 1129లో రాజు పేర గ్రంథం, ఇరవయ్యో శతాబ్దంలో దొర పేర రికార్డు. ఎనిమిది వందల ఏళ్ళలో ఈ ఒక్క అలవాటు మారినట్టు తోచదు.

అయితే అవే తూకాల పట్టీలు ఒక మేలు చేశాయి. గాలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 వరకు రాసిన పట్టీలను పరిశోధకులు పరిశీలించి 2015లో ఒక వ్యాసం ప్రకటించారు. మూపురం వంటి వీపు ఉన్న కావేరి సొంత మహసీరు పట్టుబడడం అంతకంతకూ తగ్గిపోయింది. దాని స్థానంలో నీలి రెక్కల మహసీరు పెరిగింది. ఈ రెండోది కావేరి చేప కాదు. మహారాష్ట్రలోని లోనావాలాలో టాటా విద్యుత్ సంస్థ నడిపిన పెంపక కేంద్రం నుంచి 1970ల నుంచి పిల్లలను తెచ్చి నదిలో వదిలారు. మహసీరును కాపాడాలన్న సదుద్దేశంతోనే వదిలారు. మహసీరు అంటే ఒకటే జాతి అన్నట్టు చూడడం దెబ్బతీసింది. దానికి తోడు ఆనకట్టలు, ఇసుక తవ్వకం, తూటాలు ఉండనే ఉన్నాయి.

ఇంకొక వింత ఏమిటంటే ఇంత పేరున్న చేపకు సరైన శాస్త్రీయనామం తేలినది 2018లో. అంతవరకు రకరకాల పేర్లతో పిలిచారు. కేరళలో పాంబారు అనే కావేరి ఉపనదీ శాఖలో దొరికిన నమూనాలను బట్టి కొన్నేళ్ళ ముందు వర్ణించిన 'టోర్ రెమాదేవీ' జాతే ఈ మూపురపు మహసీరు అని 2018లో నిర్ధారించారు. జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్త రెమాదేవి పేర పెట్టిన పేరది. అదే ఏడాది అంతర్జాతీయ సంస్థ దాన్ని అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. పేరు తెలిసేసరికి చేప పోయే దశకు వచ్చింది. మోయారు నదిలో కొన్ని మిగిలి ఉన్నట్టు తెలిసింది. కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో గాలపు వేట 2012 నాటికి నిలిచిపోయింది. వన్యప్రాణి చట్టం ప్రకారం అది కూడా వేటే అని తేల్చడమే కారణం. శిబిరాలు మారిపోయి, ఆ పల్లెలవారి పని పోయింది. కాపలా ఉండే కళ్ళు తగ్గాయని కొందరు, చేపకు ఊపిరి దొరికిందని కొందరు వాదించారు. మాకు మొదటి వాదంలో ఎక్కువ బలం ఉందనిపిస్తుంది. వేటను నిషేధించడం సులువు, రాత్రిపూట తూటా వేసేవాణ్ణి ఆపడం సులువు కాదు.

ఇదే కుటుంబం చేపలు నిర్భయంగా బతికే తావులు కొన్నున్నాయి. శృంగేరిలో తుంగ ఒడ్డున మెట్ల దగ్గర బొరుగులు విసిరితే పెద్దపెద్ద చేపలు మూకగా వస్తాయి. శారదాంబ దర్శనానికి వెళ్ళే తెలుగువారికి ఇది కొత్త దృశ్యం కాదు. బొరుగులంటే కోస్తావారి మరమరాలే. ఒడిశాలో సంబల్పూరు దగ్గర మహానది ఒడ్డున హుమా శివాలయం చేపలు కూడా అలాంటివే, వాటిని ఎవరూ పట్టరు. అక్కడ కూడా జరిగేది మేత వేసి తావుకు మరిగించడమే. మానసోల్లాసం చెప్పిన మొదటి సగం గుడి మెట్ల మీద సాగుతోంది, రెండో సగం లేదు.

విద్యార్థులకు ఒక పని. హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురం, నాందేడు, యానాం ప్రాంతాల తెలుగులో ఎరకు, గాలానికి, బెండుకు, చేపల రకాలకు వాడే మాటలు ఇంకా పూర్తిగా సేకరించబడలేదు. మీ ఊళ్ళో ముసలి జాలరి ఎవరైనా ఉంటే ముందు ఏ చేపకు ఏ ఎర అని అడగండి. ఎర వండే తీరు అడగండి. ఏ మాట తనదో, ఏ మాట పక్క భాషదో అతణ్ణి తేల్చమనకండి, విన్నది విన్నట్టు రాసుకోండి. చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరు కూడా రాయండి.